జబ్బు పేరు రాయవలసిన చోటు

సెప్టెంబర్ 4, బుధవారం

మూడో కేసు. ఆక్టోపస్‌లు పట్టే కుండలకు తాళ్లు కట్టే ఫెర్జానీ. రెండు రోజులు జ్వరం, మూడో రోజుకు తగ్గింది. ఫెర్జానీ అని పిలిస్తే వెనక్కి తిరిగి చూశాడు, ఇంకెవరినో పిలిచానన్నట్టు. చెవులు బాగానే ఉన్నాయి. భార్య పేరు చెప్పాడు, పడవ పేరు చెప్పాడు, ఏ రాతి దగ్గర నీళ్లు ఎంత లోతో చెప్పాడు. తన పేరు ఒక్కటే తనది కాదంటాడు. పిన్నిలాంటి మా నర్సు మెహ్రెజియా ఖాల్తీ పక్కున నవ్వి, వెంటనే నోరు మూసుకుంది.

నాకు నవ్వు రాలేదు. మొదటి కేసు బేయా అవ్వ ఆదివారం పోయింది. చివరి నాలుగు రోజులూ ముద్ద ముట్టలేదు. ఆకలేస్తోందా అవ్వా అంటే, ఎవరికి అని అడిగేది.

సెప్టెంబర్ 5, గురువారం

ఆరోగ్య శాఖకు పంపే నోటీసు ఫారం తెరిచాను. దీవి పేరు రాశాను. డాక్టర్ పేరు వజీహా మహ్‌జూబ్ అని రాశాను. జబ్బు పేరు దగ్గర కంప్యూటర్ ఒక జాబితా చూపిస్తుంది. కలరా, ప్లేగు, ఎల్లో ఫీవర్, ఇంకో ముప్ఫై. అందులో ఒకటి ఎంచుకోవాలి. 'తెలియదు' అన్న మాట జాబితాలో లేదు. ఖాళీగా వదిలేస్తే ఫారం కదలదు. కోవిడ్ అయ్యాక కొత్త చట్టం తెస్తామన్నారు. అది ఏ సొరుగులో నిద్రపోతోందో.

రాజధానిలో మా దీవుల ఫైళ్లు చూసే సీ లస్అద్‌కు ఫోన్ చేశాను. పేరు పెట్టని బిడ్డకు బర్త్ సర్టిఫికెట్ ఇస్తామా దక్తూరా, ముందు మీరు పేరు తేల్చండి అన్నాడు. తేల్చేది ల్యాబే కదా, రక్తం పంపిస్తాను అన్నాను. పంపండి, ఫారం నంబరు వేసి పంపండి అన్నాడు. పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు. ఫోన్ పెట్టేసి గట్టిగా తిట్టాను. ఖాల్తీ విననట్టు దూది సర్దింది.

సెప్టెంబర్ 7, శనివారం

ఆరుగురు.

సెప్టెంబర్ 9, సోమవారం

ఇక్కడ పెద్ద జబ్బుల పేరు పలకరు. 'అది' అంటారు. ఇరవై ఏళ్లుగా చూస్తున్నాను. పేరు పెట్టి పిలిస్తే పలుకుతుంది తల్లీ, పలికిందంటే గుమ్మంలోకి వస్తుంది, వెతికి మరీ దానికి పేరు పెట్టాలని నీకెందుకింత ఆత్రం అని ఖాల్తీ కోప్పడింది.

ఈ రోజు చేపల బజారులో ఎవరూ ఎవరినీ పేరు పెట్టి పిలవడం లేదు. చప్పట్లు కొడుతున్నారు. తల్లులు పిల్లల్ని చప్పట్లతో పిలుస్తున్నారు. వీధి పొడుగునా అదే చప్పుడు, మాట లేదు. పిలిస్తే, వాళ్లు వెనక్కి తిరిగి ఇంకెవరి కోసమో చూస్తారేమోనని భయం. నాకూ అదే భయం. నేనూ ఖాల్తీని చప్పట్లు కొట్టే పిలిచాను. సిగ్గేసింది.

సెప్టెంబర్ 10, మంగళవారం

సముద్రానికి అవతలి ఒడ్డున, వేరే దేశంలో, ఒర్నెల్లా రేవు డాక్టర్. ఇద్దరం కలిసి ట్రైనింగ్ అయ్యాం. అంతా చెప్పాను. మా దగ్గర 'కారణం తెలియదు' అని రాసినా చాలు, సాయంత్రానికి రేవు మూసేస్తారు, పేరు సంగతి తీరిగ్గా చూసుకుంటాం, నీ రక్తం బుడ్లు నాకు పంపెయ్యి అంది. అనుమతి లేకుండా పంపితే మా చట్టంలో నేరం అన్నాను. మీ రోగం మాత్రం ఎవరి అనుమతీ అడగదు కదే అంది.

శనివారం పెద్ద ఓడ ఉంది. బడులు తెరుస్తున్నారు. వేసవికి వచ్చినవాళ్లు నాలుగు వందల మంది నగరానికి పోతారు, అక్కడి నుంచి విమానాలెక్కుతారు. ఓడ కెప్టెన్ రయ్యెస్ బూరావీ కాళ్లావేళ్లా పడ్డాను. కాగితం తెండి దక్తూరా, ఇప్పుడే లంగరేస్తాను, ఉత్తి మాట మీద ఆపితే రేపు నా పిల్లలకు మీరు వండి పెడతారా అన్నాడు. అతని తప్పేముంది.

సెప్టెంబర్ 12, గురువారం, ఉదయం 10

పద్నాలుగు మంది. ఫెర్జానీ పోయాడు.

మధ్యాహ్నం 2

అబద్ధం రాశాను. జాబితాలో ప్లేగు ఎంచుకున్నాను.

ఫారం గబుక్కున కదిలింది. రెండు నిమిషాల్లో నంబరు వచ్చింది. పది నిమిషాల్లో సీ లస్అద్ ఫోన్. ప్లేగు మాటకు రాజుల కాలం నాటి ఫర్మానా ఒకటి ఇంకా బతికే ఉంది. ఆ పేరు వినబడితే రేవు గంటలో మూసెయ్యాలి, ఎవరూ ఎదురు ప్రశ్న వేయకూడదు. మళ్లీ తెరవాలంటే రాసిన డాక్టరే స్వయంగా సంతకం పెట్టాలి, ఇంకెవరు పెట్టినా చెల్లదు. మధ్యాహ్నానికి రేవు మీద, ఇక్కడ అంటురోగం ఉందని చెప్పే పసుపు జెండా ఎగిరింది. ఈ తొమ్మిది రోజుల్లో చట్టం నాకు చేసిన సాయం ఇదొక్కటే, అదీ నేను అబద్ధమాడితే.

హాయిగా ఉంది. ఒళ్లు కొంచెం వెచ్చగా ఉంది.

సెప్టెంబర్ 13, శుక్రవారం, సాయంత్రం 5

నిన్న గస్తీ పడవలో పంపిన రక్తానికి ఫలితం వచ్చింది. ప్లేగు కాదు.

మరేమిటి అని అడిగాను. ఏమీ కాదు దక్తూరా, ప్లేగు అన్నారు, ప్లేగు కోసం చూశారు, లేదు అన్నాడు సీ లస్అద్. ఇంకేదైనా ఉందేమో చూడలేదా అన్నాను. ఫారంలో అడగలేదుగా! తప్పుడు నోటీసుకు మూడేళ్ల జైలు, రేపు రద్దు కాగితం నేనే పట్టుకొస్తాను, సంతకం పెట్టేస్తే పొరపాటని రాసుకుని వదిలేస్తాం, మీ మంచికే చెబుతున్నాను అన్నాడు.

పెడతాను. భయమేస్తోంది, ఇక్కడ దాచుకోవడమెందుకు. రేపు ఆ నాలుగు వందల మంది ఓడెక్కుతుంటే కిటికీ వేసుకుని కూర్చుంటాను. జ్వరం నూట రెండు. ఖాల్తీకి చెప్పలేదు.

సెప్టెంబర్ 14, శనివారం

జ్వరం తగ్గింది. ఒళ్లు తేలిగ్గా ఉంది.

ఓడ కదలలేదు. రాజధాని నుంచి వచ్చిన పెద్దమనిషి పొద్దుటి నుంచి నా ముందు కాగితం పెట్టి, చేతికి పెన్నిచ్చి బతిమాలుతున్నాడు. వజీహా మహ్‌జూబ్ సంతకం లేనిదే రేవు తెరవడానికి వీల్లేదట. ఒకరి సంతకం ఇంకొకరు పెట్టడం నేరం కాదా? ఆవిణ్ణే పిలిపించండి అన్నాను. మెహ్రెజియా ఖాల్తీ గోడకు తల ఆనించి ఏడుస్తోంది. ఎందుకో చెప్పదు.

ఆవిడ ఎక్కడున్నా ఈ పూట రాకుండా ఉంటే బాగుండును.