తల లేని హంస చీరె

ముంబై, 2006

అమ్మా, నాయన చదివి వినిపిస్తాడని రాస్తున్నాను. అందరం బాగున్నాం, నా మనసే కుదురుగా లేదు.

మీ అల్లుడి ఆఫీసువాళ్లు పంపే ఓడ ప్రయాణానికి మాతో, మా అత్తమ్మతో పాటు మీ ఇద్దరి పేర్లూ ఇచ్చాం. రెండు ఓడలు చూపించారు. ఒకదాంట్లో రాత్రి భోజనానికి మగవాళ్లకు కోటు ఉండాలట. నాయన పంచె గుర్తొచ్చి, ఎవరి బట్టల్లో వాళ్లు తినగలిగే రెండోది అడిగాను. వెంటనే మా అత్తమ్మ, "మరి మీ అమ్మ ఏం కట్టుకుంటది?" అన్నది. ఫోన్ చేస్తే నువ్వేమో, "సావుకారు వాపసిచ్చిన చీరె తప్ప నాకేమున్నది బిడ్డా, నేను రాను" అని పెట్టేశావు.

అదే తీసుకురా. మగ్గం మీద బొమ్మలు దించే చిల్లుల అట్ట జారి అంచులో ఒక హంసకు తల రాలేదు, అంతే కదా. అది కుచ్చిళ్లలోకి పోతుంది. గద్వాల దాటితే ఆ తప్పు పట్టేవాళ్లు లేరు.

నాయన మోకాలు ఎట్లున్నది? జొన్నపిండి కొంచెం తెండి. కార్డు అందగానే ఫోన్ చేయించు, పేర్లు ఖాయం చేయాలి. నాయనకు దండాలు.

ఓడలో ఈ చీరె ఎవరు నేశారని అడుగుతారు. నేను చెప్పను. "నేనే నేసిన" అని నువ్వే అనాలి, అత్తమ్మకు వినపడేటట్టు.

నీ బిడ్డ,
పద్మజ