కాటాకు అందని బరువు

అబ్బాయీ, ఇక్కడ ఇద్దరం కులాసాగా ఉన్నాం.

నీ కూతురి ఎడమ భుజానికి బరువు కూడదని డాక్టరు అన్నారని, తేలికైన బేస్ గిటారు కోసం నిన్న కొక్కెం కాటా పట్టుకుని మరీ దుకాణానికి వెళ్లాను. నువ్వు పంపిన డబ్బుకు అందేవాటిలో, బ్యాటరీ అక్కర్లేని పాసివ్ రకంలో, మూడు కిలోలది తేల్చాను. తీరా పిల్ల భుజాన తగిలించుకోగానే, గిటారుకు తీగలు నొక్కే పొడవాటి కాడ నేలకు వాలిపోయింది. దాన్ని ఆ ఎడమచేత్తోనే ఎత్తి పట్టాలట. నాలుగు కిలోలది మాత్రం కదలకుండా నిలిచింది.

"బామ్మా, నాకు ఇదే తేలిక. మోసేది నేనా, నీ కాటానా?" అంది. అదే కొన్నాం.

ఇంటికొచ్చి కిలో పంచదార పొట్లంతో కాటాను పరీక్షించాను, తప్పు లేదు. పిల్ల గంటసేపు వాయించినా నొప్పి అనలేదు.

కోడలి దగ్గు తగ్గిందా? బరువైనది తేలికెలా అయిందో నాకు పాలుపోవడం లేదు, తెలిస్తే రాయి. మీ ఇద్దరికీ ఆశీస్సులు.

అమ్మ