ఏకైక నిర్వాహకుని రాజీనామా

బావగారికి,

ఏ విన్నపమైనా సక్రమమైన మార్గంలో వచ్చినప్పుడే విన్నపం అనిపించుకుంటుందనీ, లేనిచో అది కేవలం బాధ అనీ మన ప్రోగ్రామింగ్ భాషా సంఘం నియమావళి పీఠికలో ఉంది. కార్యదర్శిగా ఆ పీఠిక రాసింది నేనే.

తేదీలు లెక్కగట్టే మీ చిన్న ప్రోగ్రామును ఏళ్ల తరబడి మీరొక్కరే జీతం లేకుండా చూసుకుంటున్నారు. ఎన్నో ఆసుపత్రులూ బ్యాంకులూ దాని మీదే నడుస్తున్నాయి. మణికట్టు నొప్పి వల్ల తప్పుకుంటానని మీరు పంపిన రాజీనామా అందింది. ఇంకా ఇలాగే టైపు చేస్తే వేళ్లు పనిచేయవని డాక్టరు హెచ్చరించిన సంగతిని సంఘం సానుభూతితో గమనించింది.

అయితే ఈమధ్యే నేను చేర్చిన నియమం ప్రకారం, ప్రోగ్రాములో ఏ మార్పు చేసినా, చేసినవారు కాక మరొక నిర్వాహకుడు ఆమోదించాలి. మీ రాజీనామా కూడా మార్పే. మీరు తప్ప వేరే నిర్వాహకుడు లేడు. కొత్తవారిని చేర్చుకోవడమూ మార్పే కనుక ఆ దారీ మూసుకుపోయింది.

నిన్న మా చెల్లెలు ఫోన్ చేసింది. "అన్నయ్యా, ఆయన చొక్కా గుండీలు కూడా నేనే పెడుతున్నాను. నీ నియమాలు నువ్వే నెత్తిన పెట్టుకుని ఊరేగు!" అంది. ఫిర్యాదులను ఫోన్‌లో స్వీకరించే వీలు లేదని మర్యాదగా చెప్పాను.

"పోనీ, ఆ ప్రోగ్రామేదో నువ్వే చూసుకోరాదూ?" అంది.

నాకు ప్రోగ్రాములు రాయడం రాదు బావగారూ, నియమాలు రాయడమే వచ్చు.

కావున సంఘం దీర్ఘంగా చర్చించి తీర్మానించినది ఏమనగా: ఒంటరిగా పనిచేయు నిర్వాహకుడు తప్పుకొనదలచినచో, ముందుగా తాను ఇద్దరు కావలెను. ఇదే అంతిమం.