బార్నీ ఉపవాసం

నూలక్కా, ఇక్కడ అమ్మా నేనూ కులాసా. లివర్‌పూల్లో కూచుని ఏడవడం ఆపు, నీ ముసలి గుర్రం బార్నీ బతికే ఉన్నాడు. గిట్టలు వాచే ఆ కుషింగ్స్ జబ్బుకి రోజూ మాత్ర వేస్తున్నాం. తీపి తింటే గిట్టలు ఇంకా వాస్తాయనీ, వాపు తగ్గకపోతే సూదేసి సాగనంపాల్సిందేననీ డాక్టరమ్మ చెప్పింది. అమ్మ వింటేగా? జామ్ రొట్టె పెడుతూనే ఉంది. చివరికి, "ఈస్టర్ దాకా మనలాగే బార్నీ కూడా తీపి మానేశాడే, ఉపవాసం చెడగొడితే పాపం నీకే చుట్టుకుంటుంది" అన్నాను. "ముందే చెప్పొద్దట్రా వెధవా" అని జామ్ సీసా బీరువాలో పెట్టి తాళమేసింది.

నిన్న వాడు తనంతట తానే గేటుదాకా నడిచొచ్చి నా టోపీ కొరికాడు. డాక్టరమ్మ సూది మాటెత్తలేదు.

ఉన్ని మేజోళ్లు పంపావా, లేదా? ఈస్టర్ పొద్దున్నే అమ్మ రొట్టె పట్టుకుని గేటు దగ్గరుంటుంది. ఈలోగా వాడికి ఇంకో మొక్కు ఏదన్నా ఆలోచించి నువ్వే రాయి. చర్చి ఫాదర్‌గారి చెవిన పడనీకు. పిల్లలకు ముద్దులు.

నీ తమ్ముడు ఫింటన్