అవతలి నాడె

పెనుకొండ,
1939, మాఘమాసం

నాయనా, నీ ఈశ్వరి దండాలు.

నేను ధర్మవరం వచ్చేయాలనుకుంటున్నాను. తిట్టకుండా చివరిదాకా చదువు.

మీ అల్లుడు గంగాధర నేతగాళ్ల కుటుంబాలను కూడగట్టి ఈ కొండ కింద సమసంఘం పెట్టినప్పుడు, "అందరూ సమానమైన చోటు యాడుండాదప్పా?" అని నువ్వు నవ్వావు. ఉంది నాయనా. ఒకే పొయ్యి, ఒకే సంగటి, ఆడవాళ్లందరికీ ఒకే తెల్లచీర. సావుకారు గద్దింపు లేదు, ఆకలి లేదు. ఈ అక్షరాలు కూడా ఇక్కడే నేర్చుకున్నాను. మరి నీకేం రోగమే అంటావు కదూ? కడుపు నిండుతోంది, కన్ను నిండడం లేదు. అంతకంటే చెప్పడం నాకు రాదు.

చెల్లి రంగనాయకమ్మ పెళ్లికని, వెనకపాకలో మూలపడ్డ మగ్గం మీద పసుపు పట్టుచీర మొదలుపెట్టాను. ఎర్ర అంచు. రంగులూ అంచులూ వద్దని సంఘం కట్టుబాటు. ఒకరికి అంచుంటే పక్కవాళ్లకు అసూయ పుడుతుందట! నిన్న సంఘంలో పెద్దవాడు వీరభద్రయ్య మామ చూసేశాడు. నేతగాడికి ఒకరు చెప్పాలా? చీర ఒక రంగు, అంచు ఒక రంగు అయితే ఒక్కరు నేయలేరు. అవతలి వైపు నుంచి అంచు దారం నాడె వేయడానికి ఇంకో మనిషి కూర్చోవాల్సిందే.

ఇవాళ అందరినీ కూచోబెట్టి, "ఆ రెండో చెయ్యి ఎవురిదో చెప్పు తల్లీ. రేపు చీరను మగ్గం మీదనే కోసేస్తాము. నేసినోళ్లిద్దరూ ఈడ ఉండేది లేదు" అన్నాడు మామ. కోయాలన్నవాళ్లు చేతులెత్తమన్నారు. ముందుగా ఎత్తింది మీ అల్లుడే.

నాయనా, ఆ రెండో చెయ్యి ఆయనదే. హిందూపురం నుంచి ఎర్రపట్టు తెచ్చిందీ ఆయనే. నా పక్కన కూర్చుని నాడె వేస్తూ ఎంత మురిసిపోయాడో! ఇప్పుడు నా మొహం చూడడు. పేరు మాత్రం నేను చెప్పను. రేపు ఆయన నోరు విప్పకపోతే ఒక్కదాన్నే రైలెక్కుతాను.

నీ కూతురు,
ఈశ్వరి


పెనుకొండ

నాయనా,

నేను రావడం లేదు. ఆయన వస్తున్నాడు.

కత్తి ఆయన చేతికే ఇచ్చారు. మగ్గం గుంటలోకి దిగి అంచు మీద వేలు పెట్టాడు. కత్తి కింద పెట్టేశాడు. "నేనేనప్పా. అవతల కూచున్నది నేనే" అన్నాడు. అప్పుడు నాడెల్లోకి దారం కండెలు చుట్టే రోషన్‌బీ, "అట్లయితే నాకూ ఒగ అంచు నేసిస్తావా అక్కా? పచ్చది?" అంది. వీరభద్రయ్య మామ భార్య వెంటనే, "నాకు దానికంటే వెడల్పుది" అంది. తగువు మొదలైంది నాయనా! ఎన్నాళ్లకో తగువు! అందరూ నవ్వారు. మామే ఆయన చెయ్యి పట్టుకుని, "పోనీలేప్పా, ఇద్దరూ ఉండండి" అన్నాడు.

ఆయన నవ్వలేదు. "కట్టుబాటు పెట్టింది నేను. అది నాకొగటి, మీకొగటా?" అని చెప్పులేసుకున్నాడు. నావైపు తిరిగి, "వస్తాండావా?" అన్నాడు.

"లోపం లేని మనుషుల కోసం కట్టినావు ఇది. వాళ్లను యాడ నుంచి తెచ్చేది? నేను ఈడనే ఉంటా" అన్నాను. కోపంగానే అన్నాను. ఆయన మలుపు తిరిగాక ఏడ్చాను.

ఆయన అక్కడికి రాగానే సంగటి పెట్టు. 'నేను ముందే చెప్పినా' అని మాత్రం అనొద్దు, నీకు దండం పెడతాను. చీర ఇంకొంచెం మిగిలింది. అవతలి నాడె రోషన్‌బీ వేస్తోంది. కొత్త చెయ్యి, అంచు వంకర పోతోంది. నేను విప్పలేదు. పెళ్లినాడు ఆయన చూస్తాడు. నేతగాడు కదా, తన చెయ్యి ఎక్కడ ఆగిపోయిందో ఆయనకు తెలుస్తుంది.

ఈశ్వరి