ప్రూయిట్ టీచరు గారి బూర

స్టిల్‌హౌస్ హాలో, కెంటకీ
అక్టోబరు 14, 2011

గౌరవనీయులైన ప్రూయిట్ టీచరు గారికి,

డార్లా అమ్మమ్మ వెర్నా నమస్కారాలు. కొత్త ఊళ్లో మీరూ మీ అమ్మగారూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ చలి మొదలైంది. మా ఆయన ఆయాసం అలాగే ఉంది. గనిలో మింగిన దుమ్ము ఊరికే పోతుందా!

ఈ ఉత్తరంతోపాటు మీ బూర పంపిస్తున్నాను. ఊరు వదిలి వెళ్తూ మీరు డార్లా చేతిలో పెట్టినదే. అందగానే రెండు ముక్కలు రాయండి. పిల్లకి ఈమధ్య దాని మీద మనసు పోవడం లేదు. పదకొండేళ్ల వయసు, ఇవాళ ఒకటంటే రేపు ఇంకొకటి. తప్పుగా అనుకోకండి.

డార్లా మీ దగ్గర నేర్చుకున్న రోజులు నేను మరిచిపోలేదు. మొదట్లో నోటి దగ్గర పెట్టుకునే ముక్క ఒక్కటే ఇంటికిచ్చి పంపారు గుర్తుందా? దాన్ని ఊదుతూ ఇల్లంతా తిరుగుతుంటే మా ఆయన, "ఏమే, ఎవరైనా బాతును తొక్కారా?" అన్నాడు. "నవ్వు తాతా, నవ్వు. క్రిస్మస్‌కి నువ్వే చప్పట్లు కొడతావు" అంది. కొట్టాడు కూడా. బడి హాల్లో అంతమంది పిల్లలు ఒక్కసారిగా ఊపిరి పీల్చి ఊదేసరికి, ముక్కుకి ఆక్సిజన్ గొట్టం పెట్టుకున్న మనిషి లేచి నిలబడ్డాడు.

వేసవిలో బడివాళ్లు మీ బ్యాండు ఎత్తేశాక బడి వాయిద్యాలన్నీ వ్యానులో ఎక్కించుకుపోయారు. మీ సొంతది కాబట్టి డార్లా దగ్గరున్న బూర ఒక్కటే మిగిలింది. రోజూ వరండాలో కూర్చుని వాయించేది. బ్యాండులో దాని వంతుకి పాటంటూ లేదని నాకు అప్పుడు తెలిసింది. "పాం, పాం" అంటుంది. ఆగుతుంది. పెదవులు కదుపుతూ లెక్కపెట్టుకుంటుంది. మళ్లీ ఒక "పాం".

పక్కింటి ఓపల్ ఉండబట్టలేక, "అదేం పాటే, నత్తి నత్తిగా?" అని అడిగింది.

"ఇక్కడ క్లారినెట్లు వస్తాయండీ. అవి అయ్యాక నేను" అంది డార్లా.



ఒక శనివారం డార్లా బ్యాండు పిల్లలందరినీ రమ్మని ఫోన్లు చేసింది. వాయిద్యాలు లేకపోతేనేం, ఎవరి వంతు వాళ్లు నోటితో పాడితే చాలంది. వంటింటి కుర్చీలు, తాత కుర్చీ, బోర్లించిన బకెట్లు, అన్నీ మీ తరగతిలోలాగే వంపుగా వేసింది. నేను నిమ్మరసం కలిపాను. పొద్దుగూకినా ఎవరూ రాలేదు. వాళ్లలో తప్పకుండా వస్తానన్న రోస్కో కూడా ఫుట్‌బాల్‌కి పోయాడట. కుర్చీలు లోపల పెట్టేద్దామంటే, "వచ్చేవారం వస్తార్లే అమ్మమ్మా" అంది.

తర్వాత్తర్వాత దానికే విసుగొచ్చింది. అంతే. ఈ బూర అక్కడ ఇంకో పిల్లకి ఇవ్వండి.

మా ఆయన మిమ్మల్ని అడిగినట్టు చెప్పమన్నాడు.

ఇట్లు,
మీ మేలు మరవని
వెర్నా స్టిడమ్

తా.క.: పార్సిలు కట్టేశాక మనసొప్పక మళ్లీ విప్పి ఇది రాస్తున్నాను. డార్లాకి విసుగు రాలేదు. ఇప్పటికీ ప్రతి శనివారం కుర్చీలు వేస్తుంది. ఆ ఖాళీ కుర్చీల మధ్య కూర్చుని, తన వంతు కాని చోట ఆగి, రోడ్డు వైపు చూస్తుంది. ఇంక నావల్ల కాలేదు టీచరు గారూ. ఇవాళ అది బడికి వెళ్లగానే బూర తీసేశాను. మీరే తిరిగి పంపమన్నారని చెబుతాను. మిమ్మల్ని తిట్టుకుంటుంది, క్షమించండి. కాదని మాత్రం దానికి ఎన్నడూ రాయకండి. మీరు దూరాన ఉన్నారు. నేను దానితో ఒకే ఇంట్లో బతకాలి.