చిపుంగా బడి గోడ మీద ఏ పేరూ వద్దు

సెప్టెంబరు పదహారున డాలస్‌లో నాకు గుండె ఆపరేషన్. చిన్నప్పటి కీళ్ల జ్వరం వల్ల ఒక వాల్వు పాడైంది, దాన్ని మార్చాలి. చాలామంది బాగానే కోలుకుంటారని సర్జన్ చెప్పారు. అందరూ అని చెప్పలేదు. అందుకే ఈ వీలునామా ఇప్పుడే రాస్తున్నాను.

పాస్‌పోర్టులో పాలపర్తి త్రివేణి అని, ఇంట్లోనూ చర్చిలోనూ దీవెన అని పేరున్న నేను, టెక్సస్ రాష్ట్రం ఇర్వింగ్ నివాసిని, వయసు ముప్పై ఒకటి, అవివాహితను. పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా ఈ నిర్ణయాలు చేస్తున్నాను. రెండు పేర్లూ నావే. బడిలో చేర్చిన రోజు హెడ్‌మాస్టరు గారు "ఈ పేరుతో అయితే రేపు కులం సర్టిఫికెట్ల దగ్గర ఇబ్బంది, మారుద్దాం" అని త్రివేణి అని రాసుకున్నారు. మా ఇంట్లో బడికి వెళ్లిన మొదటి మనిషిని నేనే. బడి అంటే అలాగే ఉంటుందేమో అనుకున్నాం.

1. ఆఫీసు ఇన్సూరెన్స్ అమ్మ పేరు మీదే ఉంది, అందులో మార్పు లేదు. నా ఊలు శాలువా కూడా అమ్మకే. రొయ్యలు ఒలిచే షెడ్డులో ఐసు పక్కన కూర్చునేటప్పుడు కప్పుకోవాలి, పెట్టెలో దాచకూడదు. ఈ కాగితం అమ్మకు నిదానంగా చదివి వినిపించండి. మొన్న ఫోన్‌లో "మత్తిచ్చి కోస్తారంట కదే. నువ్వు నిద్రపో, ప్రార్థన సంగతి నేను చూసుకుంటాలే" అంది. నాకు అంతకన్నా ధైర్యం ఎవరూ చెప్పలేదు.

2. నా కార్ నా రూమ్మేట్ మణికి. ఇంజిన్ లైటు వెలిగితే కంగారు పడవద్దు, అది ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది. "నీ డొక్కు కార్ నాకొద్దే తల్లీ, లేచొచ్చి నువ్వే డ్రైవ్ చేసుకో" అని మణి అంటోంది. అయినా రాస్తున్నాను. ఈ వీలునామాను అమలు చేసే బాధ్యత కూడా మణిదే.

3. ఆఫ్రికాలో, మలావీ దేశంలోని చిపుంగా అనే పల్లెలో మా ఫౌండేషన్ తరఫున మేము కడుతున్న ప్రాథమిక పాఠశాల గురించి. ఫౌండేషన్ ఖాతాలో ఉన్నది దాతల సొమ్ము. దాన్ని పంచే హక్కు నాకు లేదు. నా సొంత పొదుపు మాత్రం మొత్తం ఆ బడికి రాస్తున్నాను. మిగిలిన గదులకు పైకప్పు వేయాలి, ఆడపిల్లలకు లోపల గడియ పడే మరుగుదొడ్లు కట్టాలి. ఖర్చు తగ్గించాలని ఎవరూ ఆ గడియ మాట కొట్టివేయవద్దు. ఏడో తరగతిలో నేను చదువు ఎందుకు మానేయబోయానో అమ్మకు తెలుసు.

4. దీనికి ఒక షరతు. ఆ బడిలో ఏ మతం ప్రార్థనా జరగకూడదు, ఏ బిడ్డ పేరూ మార్చకూడదు. చిపుంగాలో సగం ముస్లింలు, సగం క్రైస్తవులు. స్థలం ఇచ్చినది గ్రామ పెద్ద అమీనా గారు. ఇటుకలు రెండు వైపుల వాళ్లూ కలిసి కోసి, కాల్చారు. ఆడవాళ్లు తలమీద మోసుకొచ్చారు. అమీనా గారి తాతను ఒకప్పుడు ఏదో మిషన్ బడిలో చేర్చుకునే ముందు యూసుఫ్ అన్న పేరు తీసేసి జోసెఫ్ అని పెట్టారట. "నీ బడి కూడా అంతేనా?" అని ఆమె అడిగారు. కాదని మాట ఇచ్చాను. ఆ మాట ఇప్పటిదాకా ఎక్కడా రాసి లేదు. ఫౌండేషన్‌కు డైరెక్టర్లం ఇద్దరమే, నేనూ, మా చర్చి పెద్ద ఏసుపాదం గారూ. నేను పోతే ఆయన ఒక్కరి మాటే చెల్లుతుంది. కాబట్టి నా స్థానంలో మణిని నియమిస్తున్నాను. బైలాస్ ప్రకారం ఆ హక్కు నాకుంది.

5. రాయి గురించి. మన చర్చిల్లో ఫ్యాన్ ఇస్తే రెక్క మీద పేరు, బెంచీ ఇస్తే వీపు మీద పేరు. ఆ అలవాటుతోనే ఏసుపాదం గారు గుంటూరులో శిలాఫలకం చెక్కించి, ఓడలో చిపుంగాకు పంపించారు. పైన సిలువ, కింద తెలుగులో "ప్రభువు మహిమార్థము". ఆ ఊళ్లో తెలుగు చదివేవాళ్లు ఎవరూ లేరు. సిలువను మాత్రం అందరూ గుర్తుపట్టారు. మేస్త్రీ దాన్ని గుమ్మం పక్కన బిగించిన మర్నాడు ముస్లిం పిల్లలెవరూ రాలేదు. టీచరు ఎస్నాత్ ఫోన్ చేస్తే, తీసేయమని నేనే చెప్పాను. పిల్లలు తిరిగి వచ్చారు. ఆ ఆదివారం ఆరాధన అయ్యాక అందరి ముందూ ఏసుపాదం గారు అన్న మాట నాకింకా గుచ్చుకుంటోంది: "ఫ్యాన్ ఇచ్చినోడి పేరు ఫ్యాన్ మీద రాస్తాం. బడి ఇచ్చిన దేవుడి పేరు బడి మీద రాయొద్దంటావా అమ్మా? నాలుగు ముక్కలు చదివేసరికి సిలువంటే సిగ్గొచ్చిందా?"

సిగ్గు రాలేదు. ఆపరేషన్ గదిలోకి కూడా యేసు పేరు తలుచుకునే వెళ్తాను. రాయి పగలలేదు. ఎస్నాత్ ఇంట్లో గుడ్డ చుట్టి భద్రంగా ఉంది. అది సంఘానిది. కావాలంటే తెప్పించుకోండి, ఆ ఒక్క ఖర్చూ నా పొదుపులోంచి మణి ఇస్తుంది. బడి గోడ మీద మాత్రం ఏ పేరూ వద్దు.

6. నా గ్లోబు ఏసుపాదం గారి మనవరాలు అబిగేల్‌కు. సండే స్కూల్లో అందరూ ఈ గొడవే మాట్లాడుకుంటుంటే ఆ పిల్ల ఒక్కతే అడిగింది: "దీవెన ఆంటీ, మా స్కూల్‌లో ప్రేయర్ లేదు కదా, మరి తాతయ్య ఎందుకు బెస్ట్ స్కూల్ అంటాడు?" ఆ స్కూలు కోసమే వాళ్లు ఇల్లు మారారు.

7. ఏసుపాదం అంకుల్, ఈ దేశంలో దిగిన రోజు ఎయిర్‌పోర్టుకు వచ్చింది మీరే. హైవే ఎక్కడం నేర్పిందీ మీరే, నా పక్కన కూర్చుని గట్టిగా కీర్తన పాడుతూ. మీకు ఇందులో ఏమీ రాయలేదు. కోపంతో కాదు. ఆస్తి పొందేవారు సాక్షిగా ఉండకూడదని లాయరు చెప్పారు, నాకు మీరు సాక్షిగా కావాలి. సాక్షి సంతకం పెట్టినంత మాత్రాన లోపలి విషయాలు ఒప్పుకున్నట్టు కాదని కూడా ఆయన అన్నారు. మన సంఘంలో మీ సంతకమంటే మీరు ఒప్పుకున్నట్టేనని ఆయనకు తెలియదు. కింద మీ సంతకం చూస్తే దాతలెవరూ రేపు మణిని నిలదీయరు. మీరు కాదంటే వేరెవరినైనా పిలుస్తాను. చట్టానికి అది సరిపోతుంది. చిపుంగాకు సరిపోదు.

సంతకాల తేదీ: సెప్టెంబరు 13, 2025, శనివారం, ఇర్వింగ్.

సంతకం: పాలపర్తి త్రివేణి (దీవెన)

సాక్షులు:
1. హంసిక, పక్క అపార్ట్‌మెంట్
2. ఏసుపాదం గారి కోసం ఉంచిన చోటు

అంకుల్, శనివారం మా ఇంటికి వస్తారో రారో పన్నెండో తేదీ శుక్రవారం సాయంత్రంలోగా చెప్పండి. వస్తానన్నా సరే, రానన్నా సరే. "ప్రార్థన చేసి చూద్దాంలే అమ్మా" అని మాత్రం అనవద్దు.